కీలకోపన్యాసం, హద్దు రాయి

ఏ విద్వత్సభలోనైనా ఆరంభంలో వేదిక మీదికి వచ్చి, ఆ సభ ఏ ప్రశ్నల చుట్టూ నడవాలో నిర్దేశించే ప్రసంగాన్ని కీలకోపన్యాసం అంటారు. పరిశోధకులు చదివే పత్రాలు ఒక్కొక్క శాఖ లోతుల్లోకి వెళితే, కీలకోపన్యాసకులు ఆ శాఖలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్ష్యమేమిటో చెబుతారు. ఆ లక్ష్యమే కొంతకాలానికి ప్రభుత్వాల విధానాల్లోకి, సంస్థల పెట్టుబడుల్లోకి, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికల్లోకి చేరుతుంది. భౌగోళిక సమాచారం, సాంకేతికతల మీద జరిగిన పెద్ద సభలు కొన్నింటికి గత రెండు దశాబ్దాలుగా హైదరాబాదు ఆతిథ్యమిస్తూ వస్తున్నది. ఆ వేదికల మీద ఎవరు మాట్లాడారు, ఎవరిని ఉద్దేశించి మాట్లాడారు, ఆ మాటలకు అబిడ్స్, నాంపల్లి ప్రాంతంలోని కార్యాలయాల్లో జరిగే నిత్యవ్యవహారానికి సంబంధం ఏమిటి అన్నవి ఈ ప్రసంగానికి విషయాలు.

భౌగోళిక సమాచారం అంటే భూమి మీద ఫలానా చోట అని చూపించగలిగిన ఏ సమాచారమైనా కావచ్చు. ఒక ఇల్లు, ఒక బావి, ఒక సర్వే నంబరు, ఒక మురుగుకాల్వ, ఒక ఓటరు చిరునామా, వీటిలో ప్రతిదానికీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పొరలుగా పరచి, ఏ పొరకు ఏ పొరతో సంబంధం ఉందో వెలికితీసే ఏర్పాటును భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దీన్నే జీఐఎస్ అంటున్నాం. వరదనీటి పొరను ఇళ్ల పొర మీద పరిస్తే ఏ వీధులు మునుగుతాయో తెలుస్తుంది, పంటల పొరను భూయాజమాన్య పొర మీద పరిస్తే నష్టపరిహారం ఎవరికి అందాలో తెలుస్తుంది. కింది పొర తప్పయితే పైన ఎన్ని పొరలు పరచినా ఫలితం తప్పే అవుతుందన్నది ఈ శాస్త్రంలో మొదటి పాఠం.

ఈ సభలకు హైదరాబాదును ఎంచుకోవడం వెనుక బలమైన కారణాలున్నాయి. జాతీయ దూర సంవేదన సంస్థ 1974లో ఏర్పడి బాలానగర్ కేంద్రంగా పెరిగింది, 2008లో ఇస్రోలో అంతర్భాగమై జాతీయ దూర సంవేదన కేంద్రంగా మారింది. ఉపగ్రహ చిత్రాలను సామాన్యుడు కూడా చూడగలిగే భువన్ అనే పటాల వేదికను 2009లో దేశానికి అందించింది ఆ కేంద్రమే. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియాకు ఉప్పల్‌లో శిక్షణ సంస్థ ఉంది. భారత జాతీయ పటరచన సంఘం 1979లో ఈ నగరంలోనే పుట్టింది. పునాది ఇంత గట్టిగా ఉన్నందువల్లనే మ్యాప్ వరల్డ్ ఫోరమ్ 2007లోను, 2009లోను, దాని తరువాతి రూపమైన జియోస్పేషియల్ వరల్డ్ ఫోరమ్ 2011, 2017, 2018 సంవత్సరాల్లోను ఇక్కడ సమావేశమయ్యాయి.

వీటన్నిటిలో పెద్దది 2022 అక్టోబరు 10 నుంచి 14 వరకు హైదరాబాదు అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో జరిగిన ఐక్యరాజ్యసమితి ప్రపంచ భౌగోళిక సమాచార మహాసభ. దాని వెనుక ఉన్న వ్యవస్థ గురించి కొంత చెప్పుకోవాలి. దేశాల మధ్య భౌగోళిక సమాచారాన్ని సమన్వయపరచడానికి ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి 2011లో ఒక నిపుణుల సంఘాన్ని ఏర్పాటుచేసింది. ఆ సంఘం ఆధ్వర్యంలో మొదటి మహాసభ 2018 నవంబరులో చైనాలోని దచింగ్‌లో జరిగింది, రెండోది హైదరాబాదుకు వచ్చింది. భౌగోళిక సమాచారం ద్వారా ప్రపంచ గ్రామాన్ని శక్తిమంతం చేయడం, ఎవరినీ వెనుక వదిలిపెట్టకపోవడం అన్నది దాని ప్రధానాంశం. వందకు పైగా దేశాల ప్రతినిధులు హాజరైన ఆ సభకు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అక్టోబరు 11న వీడియో ద్వారా సందేశమిచ్చారు. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభోపన్యాసం చేశారు.

ప్రధానమంత్రి సందేశంలో ఈ ప్రసంగానికి అక్కరకు వచ్చే అంశం ఆస్తిహక్కు. డ్రోన్లతో గ్రామాల్లోని నివాస స్థలాలను కొలిచి యాజమాన్య పత్రాలిచ్చే స్వామిత్వ పథకాన్ని ఆయన ఉదాహరణగా చూపారు. ఆస్తిహక్కు సంపదకు పునాది అని, ఆ హక్కు స్త్రీల పేర వచ్చినప్పుడు దాని ఫలితం మరింత పెరుగుతుందని చెప్పారు. సాంకేతికత జనాన్ని దూరం పెట్టే సాధనం కారాదని, కలుపుకొనే సాధనం కావాలని కూడా ఆ సందేశం చెప్పింది. జితేంద్ర సింగ్ ఉపన్యాసం ఆర్థిక కోణాన్ని ముందుకు తెచ్చింది: దేశంలో భౌగోళిక సమాచార రంగం విలువ 2025 నాటికి 63,000 కోట్ల రూపాయలు దాటుతుందని, 10 లక్షల మందికి పైగా ఉపాధి కల్పిస్తుందని అందులో అంచనా వేశారు. ఆ మాటలకు ముందువెనుకల విధాన నిర్ణయాలూ ఉన్నాయి. పటాల తయారీకి ముందస్తు అనుమతులు అక్కరలేదంటూ 2021 ఫిబ్రవరి 15న కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది, మహాసభ ముగిసిన రెండున్నర నెలలకు, 2022 డిసెంబరు 28న, జాతీయ భౌగోళిక సమాచార విధానాన్ని ప్రకటించింది. కీలకోపన్యాసాలు ఊరికే గాలిలో కలిసిపోవని చెప్పడానికి ఈ క్రమం ఒక్కటి చాలు.

సాధారణంగా ఇలాంటి సభల్లో మాట్లాడేవారు నాలుగు తెగలవారు: ప్రభుత్వాధినేతలు, అంతర్జాతీయ సంస్థల అధికారులు, సాఫ్ట్‌వేర్ కంపెనీల అధిపతులు, శాస్త్రవేత్తలు. కంపెనీల అధిపతుల ఉపన్యాసాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రాబోయే పరికరం, రాబోయే కృత్రిమ మేధ, రాబోయే విపణి గురించి వారు చెప్పేది వారి వృత్తికి తగినట్టే ఉంటుంది. శాస్త్రవేత్తల మాటల్లో సరుకు ఎక్కువ, సమయం తక్కువ. ఈ నాలుగు తెగల్లోనూ లేనివాడు ఒకడున్నాడు. పొలం గట్టు మీద కొలత పట్టే సర్వేయరు అతడు. అతడు వేదిక మీద లేకపోవడం వల్ల సభకు కలిగే లోటు ఎంతటిదో తెలియాలంటే సమావేశ కేంద్రం ఉన్న నగరపు పడమటి కొసను వదిలి నాంపల్లి స్టేషన్ రోడ్డుకు రావాలి.

తెలంగాణ భూ పరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం, జనం నోట సీసీఎల్ఏ, అబిడ్స్ నుంచి నాంపల్లి రైల్వే స్టేషన్‌కు వెళ్లే ఆ దారిలోనే ఉంది. జిల్లాల్లో తెగని భూవివాదాలు, పాసు పుస్తకాల్లో దొర్లిన తప్పులు, నిషేధిత జాబితాలో అన్యాయంగా చేరిన సర్వే నంబర్లు చిట్టచివరికి వచ్చిచేరే చోటు అది. 1907లో నిజాం ప్రభుత్వం కట్టించిన నాంపల్లి స్టేషన్‌లో పొద్దున రైలు దిగి, చేతిసంచిలో సాగు వివరాల రికార్డైన పహాణీ నకళ్లు, పాత రసీదులు, కోర్టు ఉత్తర్వుల ప్రతులు పెట్టుకొని ఆ కార్యాలయం వైపు నడిచే రైతులకు, వక్ఫ్ భూముల వ్యవహారాల మీద హజ్ హౌస్‌కు వెళ్లేవారికి, నాంపల్లి కోర్టుల మెట్లెక్కేవారికి భౌగోళిక సమాచారం అనే పేరు తెలియకపోవచ్చు. వారి సంచిలో ఉన్నది మాత్రం అదే.

ఆ కాగితాల్లో అతి విలువైనది టిప్పన్. నిజాం కాలపు సర్వేలో ఒక్కొక్క సర్వే నంబరును కొలిచినప్పుడు చేత్తో గీసిన కొలతల చిత్తుపటాన్ని టిప్పన్ అంటారు. ఆ కొలతల నుంచి తేలిన విస్తీర్ణాన్ని, శిస్తును, పట్టాదారు పేరును నమోదుచేసిన మూల రికార్డు సేత్వార్. టిప్పన్ స్కేలు ప్రకారం గీసిన పటం కాదు. పొలం మధ్యగా ఒక ఆధారరేఖను గొలుసుతో పట్టి, ఆ రేఖ మీద ఎంత దూరాన నిలబడితే ఎడమకో కుడికో లంబంగా హద్దు మూల ఎంత దూరంలో తగులుతుందో అంకెల్లో రాసిపెట్టుకున్న లెక్క అది. గొలుసు పొడవు 33 అడుగులు, దానికి 16 అణాలు. నాలుగు వైపులా ఒక్కో గొలుసు ఉన్న చదరం ఒక గుంట, అంటే 121 చదరపు గజాలు. అలాంటి గుంటలు 40 అయితే ఎకరం. ఈ లెక్క తెలంగాణ రైతుకు నోటిలెక్క. కనీసం రెండు మూలల హద్దు రాళ్లు చెక్కుచెదరకుండా దొరికితే చాలు, పాత సర్వేయరు రాసిన గొలుసులు, అణాలు పట్టుకొని వందేళ్లనాటి పొలాన్ని మోకా మీద, అంటే అసలు స్థలంలోనే, తిరిగి నిలబెట్టవచ్చు. అంత నిఖార్సయిన పని అది.

కాని టిప్పన్‌లో అక్షాంశం లేదు, రేఖాంశం లేదు. ఆ పొలం భూగోళం మీద ఎక్కడ ఉందో అది చెప్పదు. పక్క పొలంతో దాని పొందిక ఏమిటో మాత్రమే చెబుతుంది. ఉపగ్రహ చిత్రం మీద దాన్ని పరచాలంటే భూమి మీద కనీసం కొన్ని బిందువులను కచ్చితంగా గుర్తించి, వాటికి ఉపగ్రహ సంకేతాలతో స్థానాంకాలు కట్టి, పాత కొలతలను ఆ బిందువులకు బిగించాలి. హద్దు రాళ్లు పీకేసిన చోట, వాగు దారి మార్చుకున్న చోట, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకొని గట్టు జరుపుకున్న చోట ఆ బిగింపు యంత్రం ఒక్కదాని వల్ల కాదు. ఇరుపక్కల రైతులను పిలిచి, ఊరి పెద్దలను పిలిచి, పంచనామా రాసి, సంతకాలు పెట్టించవలసిన పని అది. కొలత సెంటీమీటరుకు కచ్చితమే కావచ్చు, ఏ గీతను కొలవాలో ఊరు ఒప్పుకోకపోతే ఆ కచ్చితత్వం వివాదాన్ని మరింత గట్టిపరుస్తుంది.

ఈ విషయంలో రెండు తెలుగు రాష్ట్రాల అనుభవమూ పాఠమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన సమగ్ర భూసర్వేలో డ్రోన్లను, పొలంలో నిలబెట్టి స్థానాలను కొలిచే రోవర్లను, నిరంతరం ఉపగ్రహ సంకేతాలను అందుకొని స్థానాలను సరిచేసే కార్స్ కేంద్రాలను వాడారు. పరికరాల పరంగా అది దేశంలోనే ముందువరుసలో నిలిచే ప్రయత్నం, అయినా విస్తీర్ణాలు తగ్గాయని, హద్దులు మారాయని రైతుల ఫిర్యాదులు పెద్దఎత్తున వచ్చి వాటిని సరిదిద్దే పని ప్రభుత్వం నెత్తిన పడింది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్ హక్కుల రికార్డును కంప్యూటరులోకి తెచ్చింది గాని దానికి సర్వే పటం జతపడలేదు. పేరు ఒకచోట, పొలం మరొకచోట అన్న పరిస్థితి ఎన్నో గ్రామాల్లో మిగిలింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం హక్కుల మార్పిడికి సర్వే పటాన్ని జోడించాలని, ప్రతి కమతానికి భూధార్ అనే గుర్తింపు సంఖ్య ఇవ్వాలని నిర్దేశించింది. ఒకచోట పటం ముందు నడిచి ఒప్పుదల వెనుకబడింది, మరోచోట రికార్డు ముందు నడిచి పటం వెనుకబడింది. ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చెప్పగల ఉపన్యాసం ఏ దేశపు వేదికకైనా వన్నె తెస్తుంది.

ఇదే అబిడ్స్‌లో మరో గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాదు ప్రధాన తపాలా కార్యాలయం, అందరూ జీపీఓ అని పిలిచేది, పిన్‌కోడ్ 500001కి నిలయం. 1972 ఆగస్టు 15న దేశంలో ప్రవేశపెట్టిన పిన్‌కోడ్‌లో మొదటి అంకె తపాలా మండలాన్ని, మొదటి మూడంకెలూ కలిసి ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా కార్యాలయాన్ని తెలియజేస్తాయి. కంప్యూటరు లేని రోజుల్లో, చేతులతో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తాల కోసం కట్టిన భౌగోళిక సమాచార వ్యవస్థ అది. పిన్‌కోడ్ ఉత్తరాన్ని పేట దాకా తెస్తుంది, గడప దాకా తెచ్చేది పోస్ట్‌మాన్ జ్ఞాపకం. సరైన ఇంటి నంబర్లు లేని బస్తీల్లో ఆ జ్ఞాపకమే పటం. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాదుతో, జాతీయ దూర సంవేదన కేంద్రంతో కలిసి రూపొందించి 2025లో విడుదల చేసిన డిజిపిన్ ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించింది. దేశం మొత్తాన్ని సుమారు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గడులుగా విభజించి, ప్రతి గడికీ అక్షరాలు, అంకెలు కలిసిన పది గుర్తుల సంకేతం ఇవ్వడం దాని పద్ధతి. వీధి పేరు లేని గుడిసెకూ, పొలంలోని మోటారు గదికీ ఆ లెక్కన చిరునామా ఉంటుంది, అంబులెన్సు దారి అడగకుండా రాగలుగుతుంది. హైదరాబాదు సంస్థలు రెండింటి చేయి ఉన్న ఈ పనిని పోస్ట్‌మాన్‌ల సమక్షంలో, వారికి అర్థమయ్యే భాషలో వివరించే ఉపన్యాసం జరగవలసి ఉంది.

ఈ నేలకు కొలతల చరిత్ర కూడా తక్కువేమీ కాదు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే 78వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి సాగుతూ నిజాం రాజ్యం గుండా పోయింది. జార్జ్ ఎవరెస్టు 1818లో ఆయనకు సహాయకుడిగా హైదరాబాదులోనే చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరంతో ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడు. ఆయన 1830లో లెక్కగట్టిన భూమి ఆకారం ఆధారంగానే భారతదేశపు పటాలు ఒకటిన్నర శతాబ్దానికి పైగా తయారయ్యాయి. నేటి ఉపగ్రహాలు వాడేది వేరొక ఆకారాన్ని. అందువల్ల సుమారు 17.39 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.47 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న నాంపల్లి స్టేషన్‌ను పాత లెక్కలోను కొత్త లెక్కలోను గుర్తిస్తే రెండు చుక్కల మధ్య వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. భూమి కదలలేదు, కొలిచే చట్రం మారింది. పాత పటాన్ని కొత్తదాని మీద పరచేవారు ఈ సవరణ మరచిపోతే ఒకరి ఇంటిని రోడ్డు అవతలికి నెట్టేసిన వారవుతారు. విద్యార్థులకు కాక పరిపాలకులకు చెప్పవలసిన మాట ఇది.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో, సుమారు 1912, 1915 మధ్య, హైదరాబాదు నగరపాలక సర్వే జరిగింది. వీధులు, ఇళ్లు, బావులు, ప్రార్థనా మందిరాలు విడివిడిగా గుర్తించిన ఆ పటాలను నగర చరిత్రకారులు, వారసత్వ కట్టడాల పరిరక్షకులు నేటికీ ఆశ్రయిస్తున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆర్మీనియన్ వంశీయుడు ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పేర ప్రసిద్ధికెక్కిన అబిడ్స్ పేట కాలక్రమంలో ఎంత మారిందో గ్రహించాలంటే ఆ పటాల మీద నేటి ఉపగ్రహ చిత్రాన్ని పరచి చూస్తే చాలు. అలా పరచి చూసి, పూడిపోయిన నీటిదారులు ఎక్కడున్నాయో తెలుసుకోకుండా నగరంలో వరదకాల్వల ప్రణాళిక వేయడం సాధ్యం కాదు.

మరి కీలకోపన్యాసం ఎలా ఉండాలి? అది మూడు సంగతులకు జవాబు చెప్పాలి. ప్రతిపాదించే సాంకేతికత ఏ మూల రికార్డు మీద నిలబడుతుంది, ఆ రికార్డులో తప్పుంటే దాన్ని సరిదిద్దించుకొనే దారి సామాన్యుడికి ఎక్కడ తెరిచి ఉంది, ఆ సమాచారం అతడి భాషలో అతడికి అందుతుందా? 2022 మహాసభ ఎవరినీ వెనుక వదలకూడదని ప్రకటించుకుంది, ఆ ప్రకటన మంచిదే. దాన్ని నిలబెట్టుకోవడానికి వెనుకబడిన వారి పక్షాన పనిచేసేవారికి వేదిక మీద చోటివ్వడం మొదటి మెట్టు. ముప్పై ఏళ్లు గొలుసు, టేపు, రోవర్ మూడూ పట్టిన మండల సర్వేయరు అరగంట మాట్లాడితే సభికులు నేర్చుకునేది అంతర్జాతీయ నిపుణుడి ఉపన్యాసం కంటే ఏ విధంగానూ తక్కువ కాదు.

భాష గురించి కూడా ఒక మాట. తెలుగు నేల మీద జరిగిన ఈ సభల్లో ప్రధాన ఉపన్యాసాలు ఇంగ్లీషులో సాగడం సహజమే, వచ్చేది ప్రపంచం కాబట్టి. కాని సేత్వార్, పహాణీ, టిప్పన్, మోకా, పంచనామా అనే మాటలు ఉర్దూ, పారశీక, మరాఠీ మూలాల నుంచి వచ్చి తెలుగు రైతు నోట శతాబ్దంపైగా నలిగి, చట్టబద్ధమైన అర్థాలు సంతరించుకున్నాయి. వాటి సరైన అర్థం తెలియని నిపుణుడు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో గడులు తప్పుగా ఏర్పడతాయి, ఆ తప్పు పాసు పుస్తకంలో తేలుతుంది. పరిభాషను తెలిసినవారు వివరించే తెలుగు ఉపన్యాసం సభకు ఉపచారం కాదు, శాస్త్రానికి అవసరం.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జరిగే నుమాయిష్ 1938లో పుట్టినప్పుడు, హైదరాబాదు రాజ్యపు ఆర్థిక సర్వేకు నిధులు కూడబెట్టాలన్న ఉస్మానియా పట్టభద్రుల ఆలోచన దాని వెనుక ఉన్నదన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. దేశాన్ని కొలవాలన్న పనిని జనం వచ్చే చోటికి తెచ్చింది ఆ పట్టభద్రులే. కాబట్టి భౌగోళిక సమాచార సభల నిర్వాహకులకు, రెవెన్యూ, తపాలా శాఖలకు, విశ్వవిద్యాలయాల భూగోళ శాస్త్ర విభాగాలకు ఒక విజ్ఞప్తి. హైదరాబాదులో జరిగే వచ్చే సభలో ఒక పూట సమావేశాన్ని నాంపల్లికి తీసుకురండి. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళా తోరణంలోనో, ఎగ్జిబిషన్ మైదానంలోనో, టికెట్టు లేకుండా, తెలుగులో, ఉర్దూలో ఒక కీలకోపన్యాసం ఏర్పాటు చేయండి. ఉపన్యాసకులుగా ఒక సర్వేయరును, ఒక పోస్ట్‌మాన్‌ను, గట్టు తగాదా తెగక స్టేషన్ రోడ్డుకు తిరుగుతున్న ఒక రైతును పిలవండి. సొంత పొలానికి సంబంధించిన టిప్పన్ నకలు, సేత్వార్ నకలు ఇప్పటికీ తీసుకోని శ్రోతలు సర్వే, భూ రికార్డుల కార్యాలయంలో దరఖాస్తు పెట్టి వాటిని తెచ్చుకొని భద్రపరచుకోవాలి. కొత్త కొలత ఎప్పుడు వచ్చినా దానితో పోల్చి చూడవలసిన మూలాధారం అదే.